కేంద్ర బ్యాంకు ఎవరికి జవాబు చెప్పాలి? నాలుగు పద్ధతుల పోలిక, ఎంపికకు సలహా

రిజర్వ్ బ్యాంకు లాంటి కేంద్ర బ్యాంకు వడ్డీ రేటు పెంచినప్పుడు ఒక వాదన వినిపిస్తుంది, ప్రభుత్వం తగ్గించమని ఒత్తిడి తెచ్చినప్పుడు దానికి సరిగ్గా ఎదురు వాదన వినిపిస్తుంది. మొదటి సందర్భంలో, కోట్ల మంది అప్పులను, ఉద్యోగాలను, పొదుపును తాకే నిర్ణయాన్ని ఎవరూ ఓటు వేయని కొద్దిమంది తలుపులు మూసుకుని తీసుకోవడం ఏం ప్రజాస్వామ్యమని అడుగుతారు. రెండో సందర్భంలో, వచ్చే ఎన్నికల మీదే కన్నున్న నాయకుల చేతికి డబ్బు ముద్రించే అధికారం అప్పగిస్తారా అని నిలదీస్తారు. రెండింటిలోనూ బలముంది కాబట్టే ఎటూ తేల్చుకోలేక ఆగిపోయేవారు ఎక్కువ. స్వతంత్రత కావాలా, జవాబుదారీతనం కావాలా అన్న రూపంలో ప్రశ్న వేసుకున్నంత కాలం ఆ చిక్కు వీడదని నా అభిప్రాయం. ఆచరణలో ఉన్న ప్రతి ఏర్పాటులోనూ రెండూ ఏదో ఒక పాళ్లలో కలిసే ఉన్నాయి, తేడా అంతా ఎవరికి, ఎప్పుడు, ఏ పని గురించి జవాబు చెప్పాలన్న దగ్గరే వస్తుంది.

## ముందుగా తేల్చుకోవాల్సిన సంగతులు

మొదటిది, లక్ష్యం ఎవరిది, సాధనం ఎవరిది అన్నది. ద్రవ్యోల్బణం 2 శాతం దగ్గర ఉండాలా 4 శాతం దగ్గర ఉండాలా, ధరల స్థిరత్వంతో పాటు ఉపాధిని కూడా చూడాలా అన్నవి లక్ష్యానికి సంబంధించిన ప్రశ్నలు. ఈ నెల రేటును పావు శాతం పెంచాలా వద్దా అన్నది సాధనానికి సంబంధించింది. గై డెబెల్, స్టాన్లీ ఫిషర్ అనే ఆర్థికవేత్తలు 1994లో ఈ రెండు రకాల స్వతంత్రతనూ విడదీసి చూపించారు; ఆ తర్వాత వచ్చిన చట్టాల్లో చాలా వాటిని ఈ విభజన వెలుగులోనే చదవాలి. లక్ష్యాన్ని ఎంచుకోవడం సమాజం విలువలకు సంబంధించిన విషయం కాబట్టి దాన్ని ఎన్నికైనవారు నిర్ణయించడంలో తప్పేమీ లేదు. సాధనం సంగతి వేరు. వడ్డీ రేటులో మార్పు ధరల మీద పూర్తిగా పనిచేయడానికి ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది, కానీ రేటు తగ్గించిన ఉత్సాహం మార్కెట్లలో అదే రోజు కనిపిస్తుంది. లాభం ముందు, నష్టం తర్వాత వచ్చే ఇలాంటి నిర్ణయంలో ఎంత సదుద్దేశం గల ప్రభుత్వమైనా మాట తప్పే ప్రలోభానికి లోనవుతుందని, ప్రజలు ఆ సంగతి ముందే ఊహిస్తారు కాబట్టి చివరికి ఉపాధి పెరగకుండా ధరలు మాత్రమే పెరుగుతాయని ఫిన్ కిడ్‌లాండ్, ఎడ్వర్డ్ ప్రెస్కాట్ 1977లో వాదించారు. కేంద్ర బ్యాంకుల స్వతంత్రతకు నేటికీ ప్రధానమైన సైద్ధాంతిక ఆధారం అదే.

రెండోది, జవాబు ఎవరికి అన్నది. చట్టసభ, ప్రభుత్వం ఒకటి కావు. ఈ చర్చలో అన్నిటికన్నా ఎక్కువ గందరగోళం ఇక్కడే పుడుతుంది. కేంద్ర బ్యాంకుల మీద చరిత్రలో నమోదైన పెద్ద ఒత్తిళ్లలో అత్యధికం అధ్యక్షుల నుంచి, ప్రధానుల నుంచి, ఆర్థిక మంత్రుల నుంచి వచ్చినవే. ప్రతిపక్షం కూడా కూర్చుని ఉండే, పత్రికలు చూస్తుండగా జరిగే స్థాయీ సంఘం విచారణకూ, మంత్రి కార్యాలయం నుంచి వచ్చే ఫోనుకూ ఎంతో తేడా ఉంది. పార్లమెంటరీ వ్యవస్థల్లో సభలో మెజారిటీ ప్రభుత్వానిదే కాబట్టి ఈ తేడా కొంత పలచబడుతుంది, అయినా పూర్తిగా చెరిగిపోదు.

మూడోది, ఎప్పుడు అన్నది: నిర్ణయానికి ముందు ఆదేశమా, నిర్ణయం తర్వాత సంజాయిషీయా? నాలుగోది, బ్యాంకు అధిపతి అయిన గవర్నరును ఎలా తొలగించవచ్చు, బ్యాంకు ఖర్చులకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది అన్నది. చట్టంలో స్వతంత్రత గురించి ఎన్ని గొప్ప మాటలు రాసినా, ఒక్క ఉత్తర్వుతో గవర్నరును ఇంటికి పంపగలిగితే ఆ మాటలకు విలువ ఉండదు. ఐదోది, ఏ పని గురించి మాట్లాడుతున్నామన్నది. దీని సంగతి విడిగా చెప్పాలి, చివర్లో వస్తాను.

## మొదటి పద్ధతి: రేటును ప్రభుత్వమే నిర్ణయించడం

చట్టసభ సభ్యులే ఓటేసి వడ్డీ రేటు నిర్ణయించే విధానం ఆచరణలో కనిపించదు. "ప్రజాప్రతినిధుల నియంత్రణ" అన్నప్పుడల్లా వాస్తవంలో ఆ అధికారం చేరేది ఆర్థిక మంత్రి దగ్గరకే. అమెరికాలో 1942 నుంచి 1951 వరకు యుద్ధ రుణాల భారం తగ్గించడానికి అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ దీర్ఘకాల ప్రభుత్వ బాండ్ల (అప్పు పత్రాల) వడ్డీ రెండున్నర శాతం దాటకుండా కాపు కాసింది. 1951 మార్చిలో ఖజానా శాఖతో ఒప్పందం కుదిరాకే ఆ కట్టు వీడింది.

బ్రిటన్‌లో 1997 వరకు రేటు మీద చివరి మాట ఆర్థిక మంత్రిదే. 1990ల మధ్యలో మంత్రి కెన్నెత్ క్లార్క్, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ గవర్నరు ఎడ్డీ జార్జ్ నెలనెలా సమావేశమయ్యేవారు, 1994 నుంచి ఆ సమావేశాల వివరాలను ప్రచురించేవారు కూడా. 1995 మేలో రేటు పెంచమన్న జార్జ్ సలహాను క్లార్క్ తోసిపుచ్చారు. ఆ తర్వాతి పరిణామాలు మంత్రి అంచనాకే దగ్గరగా నడిచాయి. రాజకీయ నాయకుడి నిర్ణయం ప్రతిసారీ తప్పే అవుతుందని నమ్మేవారు గుర్తుంచుకోదగ్గ ఉదాహరణ ఇది. అయితే ఈ పద్ధతిలో నిర్ణయం సరైనదైనా, దాని వెనుక ఉద్దేశం మీద అనుమానం మిగులుతుంది, ఆ అనుమానానికి ధర బాండ్ల వడ్డీలో కనిపిస్తుంది. 1997 మే 6న కొత్త ఆర్థిక మంత్రి గోర్డాన్ బ్రౌన్ రేటు అధికారాన్ని బ్యాంకుకు అప్పగిస్తున్నట్టు ప్రకటించినప్పుడు బ్రిటన్ దీర్ఘకాల బాండ్ల వడ్డీ తగ్గడమే అందుకు నిదర్శనం.

చట్టం ప్రకారం స్వతంత్రత ఉన్నా ఆచరణలో ఈ మొదటి పద్ధతిలోకే జారిపోయిన సందర్భాలు ఇంకా ప్రమాదకరమైనవి. 1972 ఎన్నికలకు ముందు అమెరికా అధ్యక్షుడు నిక్సన్, ఫెడరల్ రిజర్వ్ చైర్మన్ ఆర్థర్ బర్న్స్ మీద తెచ్చిన ఒత్తిడి వైట్‌హౌస్ టేపుల్లో రికార్డయి ఉంది. ఆ తర్వాతి ధరల పెరుగుదలకు 1973 చమురు సంక్షోభం వంటి ఇతర కారణాలూ ఉన్నాయి కానీ, ఆ సంభాషణలు అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ విచారణలో కాక మూసిన గదిలో జరిగాయన్నది ఇక్కడ గమనించాల్సిన విషయం. టర్కీలో 2019 జూలై నుంచి 2021 మార్చి లోపల ముగ్గురు గవర్నర్లను అధ్యక్షుడు తొలగించారు. 2021 సెప్టెంబరు, డిసెంబరు మధ్య రేటును 19 శాతం నుంచి 14 శాతానికి దించారు. 2022 అక్టోబరులో అధికారిక ద్రవ్యోల్బణం 85 శాతం దాటింది. అక్కడ లోపించింది చట్టసభ జోక్యం కాదు, అధ్యక్షుడికి అడ్డు నిలవగల చట్టసభ.

ఈ పద్ధతికి ఉన్న ఒకే ఒక్క నిజమైన మేలు, తప్పు జరిగితే ఎవరిని నిందించాలో ఓటరుకు స్పష్టంగా తెలియడం. యుద్ధకాలంలో ఖజానాతో సమన్వయం సులువవుతుందన్న మాటా నిజమే, కానీ యుద్ధం ముగిశాక ఆ సమన్వయాన్ని వదిలించుకోవడానికి అమెరికాకు ఆరేళ్లు పట్టింది.

## రెండో పద్ధతి: చుట్టూ గట్టి గోడ

యూరో కరెన్సీ వాడే దేశాల ఉమ్మడి కేంద్ర బ్యాంకు, యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్, ఇందుకు నిండైన ఉదాహరణ. 1998లో ఏర్పడిన ఈ బ్యాంకు ఏ ప్రభుత్వం నుంచీ, ఏ సంస్థ నుంచీ సూచనలు కోరకూడదని, తీసుకోకూడదని యూరోపియన్ యూనియన్ ఒప్పందమే చెబుతోంది. ప్రభుత్వాలకు నేరుగా అప్పివ్వడమూ నిషిద్ధం. అధ్యక్షుడి పదవీకాలం ఎనిమిదేళ్లు, రెండోసారి నియామకం ఉండదు. బ్యాంకు అధ్యక్షుడు యూరోపియన్ పార్లమెంటు ఆర్థిక వ్యవహారాల కమిటీ ముందు ఏటా నాలుగుసార్లు హాజరై ప్రశ్నలకు సమాధానాలిస్తారు, వార్షిక నివేదిక కూడా సమర్పిస్తారు. అయితే ఆ సమాధానాలు నచ్చకపోతే పార్లమెంటు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు: బ్యాంకు లక్ష్యం ఒప్పందంలో ఉంది, దాన్ని మార్చాలంటే సభ్యదేశాలన్నీ ఆమోదించాలి. జర్మనీ కేంద్ర బ్యాంకు బుండెస్‌బ్యాంక్ స్వతంత్రత ఎంత పేరుపడినదైనా 1957 నాటి ఒక మామూలు చట్టం మీద నిలబడింది. దాన్ని ఆదర్శంగా తీసుకుని కట్టిన యూరోపియన్ బ్యాంకు గోడ అంతకన్నా ఎంతో ఎత్తు.

ఉమ్మడి కరెన్సీకి ఇది తగిన ఏర్పాటేనని ఒప్పుకోవాలి. సుమారు ఇరవై ప్రభుత్వాలు ఒకే రేటు మీద తలా ఒక మాట చెబితే బ్యాంకు నడవదు. కానీ ఈ గోడకు రెండు బలహీనతలున్నాయి. అడగాల్సిన చోట అడిగే వీలు లేకపోతే ప్రశ్న మరో దారి వెతుక్కుంటుంది. బ్యాంకు ప్రభుత్వ బాండ్ల కొనుగోలు కార్యక్రమం దాని పరిధికి లోబడి ఉందా అన్న వివాదం చట్టసభలో తేలక కోర్టుకెక్కింది. 2020 మే 5న జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం, ఆ కార్యక్రమం లాభనష్టాల తూకాన్ని బ్యాంకు సరిగా చూపించలేదని తీర్పిచ్చింది. ద్రవ్య విధానాన్ని న్యాయమూర్తులు తూచడం ఆర్థికవేత్తలకూ, న్యాయమూర్తులకూ ఎవరికీ హాయినిచ్చే పని కాదు.

రెండో బలహీనత చరిత్రలో ఉంది. జర్మనీలో 1920ల నాటి అధిక ద్రవ్యోల్బణాన్ని స్వతంత్రతకు అనుకూలంగా ఉదాహరించని వ్యాసం ఉండదు. కానీ మిత్రరాజ్యాల ఒత్తిడితో 1922 మేలోనే నాటి జర్మనీ కేంద్ర బ్యాంకు రైష్‌బ్యాంక్‌ను ప్రభుత్వ అదుపు నుంచి తప్పిస్తూ చట్టం వచ్చిందన్న సంగతి అరుదుగా ప్రస్తావనకు వస్తుంది. చట్టపరంగా స్వతంత్రంగా ఉన్న ఆ బ్యాంకే 1923 చివరిదాకా నోట్లు అచ్చువేస్తూ పోయింది. గోడ కట్టినంత మాత్రాన లోపలివారికి వివేకం వచ్చి తీరుతుందన్న హామీ లేదు, తప్పు చేస్తున్నప్పుడు నిలిపివేయడానికి బయటివారికి దారీ ఉండదు.

## మూడో పద్ధతి: లక్ష్యం ఎన్నికైనవారిది, రేటు బ్యాంకుది

ఇటీవలి దశాబ్దాల్లో ఎక్కువ దేశాలు మొగ్గింది ఇటువైపే. న్యూజిలాండ్ 1989లో చేసిన చట్టం దీనికి మొదటి నమూనా. ఆ చట్టం కింద ఆర్థిక మంత్రి, గవర్నరు కలిసి ద్రవ్యోల్బణ లక్ష్యం మీద ఒప్పందం రాసుకుని బహిరంగపరిచేవారు. దాన్ని ఎలా సాధించాలన్నది గవర్నరు ఇష్టంగా ఉండేది. సాధించలేకపోతే పదవి పోయే వీలుండేది. 1990లో కుదిరిన మొదటి ఒప్పందం 0 నుంచి 2 శాతం మధ్య ద్రవ్యోల్బణాన్ని లక్ష్యంగా పెట్టింది.

బ్రిటన్ పద్ధతిని కాస్త దగ్గరగా చూడటం మంచిది. లక్ష్యాన్ని ఆర్థిక మంత్రి ఏటా లిఖితపూర్వకంగా ఇస్తారు, ప్రస్తుతం అది 2 శాతం. తొమ్మిది మంది సభ్యుల కమిటీ రేటు మీద ఓటు వేస్తుంది, ఎవరు ఎటు ఓటేశారో పేర్లతో సహా ప్రకటిస్తారు. ద్రవ్యోల్బణం లక్ష్యానికి ఒక శాతం కన్నా ఎక్కువ దూరం జరిగితే, ఎందుకు జరిగింది, ఏం చేస్తున్నారు, ఎప్పటికి దారికి వస్తుంది అన్న ప్రశ్నలకు జవాబుగా గవర్నరు మంత్రికి బహిరంగ లేఖ రాయాలి. మొదటి లేఖ 2007 ఏప్రిల్‌లో వచ్చింది, ద్రవ్యోల్బణం 3.1 శాతానికి చేరడంతో గవర్నరు మెర్విన్ కింగ్ ఆ లేఖను గోర్డాన్ బ్రౌన్‌కు రాశారు. వీటికి తోడు కామన్స్ సభ ట్రెజరీ కమిటీ గవర్నరునే కాక రేటు మీద ఓటేసే కమిటీ సభ్యులను కూడా పిలిచి, మీరు ఫలానా నెలలో అలా ఎందుకు ఓటేశారని అడుగుతుంది. నా దృష్టిలో ఈ ఏర్పాటు బలమంతా ఈ చివరి అంశంలోనే ఉంది. ఓట్లు పేర్లతో బయటికి వచ్చినప్పుడు "కమిటీ నిర్ణయం" అన్న ముసుగు వెనుక ఎవరూ దాక్కోలేరు. యూరోపియన్ బ్యాంకు వ్యక్తిగత ఓట్లను ప్రకటించదు. సభ్యుల మీద సొంత దేశాల ఒత్తిడి పడుతుందన్నది అందుకు చెప్పే కారణం, అక్కడి పరిస్థితికి అది సమంజసమే.

అదే పద్ధతిలో ఒక చిన్న మార్పు ఫలితాన్ని ఎంతగా మారుస్తుందో భారత రిజర్వ్ బ్యాంకు ఉదాహరణలో తెలుస్తుంది. 2016లో చట్టాన్ని సవరించి 4 శాతం లక్ష్యాన్ని, అటూ ఇటూ 2 శాతం వెసులుబాటును, ఆరుగురు సభ్యుల ద్రవ్య విధాన కమిటీని తెచ్చారు. వరుసగా మూడు త్రైమాసికాల పాటు ద్రవ్యోల్బణం ఆ పరిధి దాటితే వైఫల్యంగా లెక్కించి, కారణాలు వివరిస్తూ బ్యాంకు కేంద్ర ప్రభుత్వానికి నివేదిక ఇవ్వాలి. 2022లో ఆ పరిస్థితి వచ్చింది, నవంబరు 3న కమిటీ ప్రత్యేకంగా సమావేశమైంది, నివేదిక ప్రభుత్వానికి చేరింది. కానీ అప్పట్లో దాన్ని బహిరంగపరచలేదు, చట్టం ఆ పని చేయమని కోరడం లేదు కూడా. లక్ష్యం, కమిటీ, వైఫల్యానికి సంజాయిషీ అన్నీ దాదాపు బ్రిటన్‌లో మాదిరిగానే ఉన్నాయి. జవాబు మాత్రం చట్టసభకూ ప్రజలకూ కాక ప్రభుత్వానికి వెళ్లింది. ఇలాంటి చట్టాన్ని బేరీజు వేసేటప్పుడు "నివేదిక ఇవ్వాలి" అన్న మాట దగ్గర ఆగకుండా, ఎవరికి ఇవ్వాలి, ఎన్ని రోజుల్లో ప్రచురించాలి అన్న పంక్తుల కోసం వెతకాలి.

ఈ పద్ధతిలో నష్టం లేకపోలేదు. లక్ష్యం మంత్రి చేతిలో ఉంటే ప్రభుత్వం మారినప్పుడల్లా లక్ష్యమూ మారవచ్చు. న్యూజిలాండ్ 2018లో ఉపాధిని కూడా లక్ష్యాల్లో చేర్చింది, 2023లో కొత్త ప్రభుత్వం దాన్ని తీసేసింది. దీన్ని కొందరు అస్థిరత అంటారు. ఎన్నికల్లో గెలిచినవారు బహిరంగంగా బిల్లు పెట్టి, సభలో వాదించి, లక్ష్యాన్ని మార్చడం ప్రజాస్వామ్యం చేయాల్సిన పనేనని నేననుకుంటాను. చాటుమాటు ఒత్తిడి కన్నా అది ఎన్నో రెట్లు మేలు.

## నాలుగో పద్ధతి: చట్టసభ నీడలోని బ్యాంకు

స్వీడన్ రిక్స్‌బ్యాంక్ 1668లో పుట్టింది, నేటికీ నడుస్తున్న కేంద్ర బ్యాంకుల్లో అదే పాతది. ఐరోపాలో మొదటగా బ్యాంకు నోట్లు విడుదల చేసిన ప్రైవేటు బ్యాంకు కుప్పకూలాక, కొత్త బ్యాంకును రాజు చేతికివ్వడం ఇష్టంలేక నాటి ప్రతినిధుల సభ దాన్ని తన అధీనంలోనే ఉంచుకుంది. ఇప్పటికీ పార్లమెంటు పదకొండు మంది సభ్యుల మండలిని నియమిస్తుంది, ఆ మండలి బ్యాంకు కార్యవర్గాన్ని నియమిస్తుంది. అయితే 1999 నుంచి రేటు నిర్ణయంలో కార్యవర్గానికి ఎవరూ ఆదేశాలివ్వరాదు. ప్రభుత్వం ఈ గొలుసులో ఎక్కడా నేరుగా కనిపించదు. చట్టసభకు జవాబుదారీగా ఉండటమే ప్రభుత్వం నుంచి రక్షణ కావచ్చన్న నా వాదనకు ఇంతకన్నా పాత సాక్ష్యం లేదు.

అమెరికా ఫెడరల్ రిజర్వ్‌ది ఇదే కుటుంబం. 1913లో కాంగ్రెస్ దాన్ని సృష్టించింది, 1977లో గరిష్ఠ ఉపాధి, స్థిరమైన ధరలు, మితమైన దీర్ఘకాల వడ్డీ అనే లక్ష్యాలనిచ్చింది, 1978 నుంచి ఏటా రెండుసార్లు నివేదిక ఇవ్వమంది. బోర్డు గవర్నర్లను అధ్యక్షుడు ప్రతిపాదిస్తే కాంగ్రెస్ ఎగువ సభ అయిన సెనేట్ ఖరారు చేస్తుంది, పదవీకాలం పద్నాలుగేళ్లు. బ్యాంకు ఖర్చుకు కాంగ్రెస్ నిధులు అవసరం లేదు. 1978 నాటి మరో చట్టం ప్రభుత్వ ఆడిట్ కార్యాలయానికి బ్యాంకు వ్యవహారాలను తనిఖీ చేసే అధికారమిచ్చింది కానీ, ద్రవ్య విధాన చర్చలను దాని నుంచి మినహాయించింది. ఆ మినహాయింపు తీసేయాలన్న బిల్లు ప్రతినిధుల సభలో 2012లో, 2014లో నెగ్గినా సెనేట్ దాటలేదు.

ఈ పద్ధతికి అసలు పరీక్ష ఫెడరల్ రిజర్వ్ చైర్మన్‌గా పాల్ వోల్కర్ ఉన్న కాలంలో జరిగింది. 1979 అక్టోబరు తర్వాత రేట్లు 20 శాతం దాకా వెళ్లాయి, 1982 చివరికి నిరుద్యోగం 10.8 శాతానికి చేరింది. రైతులు ట్రాక్టర్లతో వచ్చి వాషింగ్టన్‌లోని బ్యాంకు భవనాన్ని చుట్టుముట్టారు. ఇళ్లు కట్టేవారు కలప ముక్కల మీద తమ గోడు రాసి పోస్టులో పంపారు. అభిశంసన తీర్మానం కూడా సభ ముందుకొచ్చింది. వోల్కర్ మళ్లీమళ్లీ కమిటీల ముందు కూర్చుని తిట్లు తిన్నారు, కానీ కాంగ్రెస్ చట్టాన్ని మార్చలేదు, ద్రవ్యోల్బణం 1983 నాటికి 4 శాతం లోపుకు దిగింది. ఆ విచారణలు రేటును ఒక్క పావు శాతమైనా మార్చి ఉండకపోవచ్చు. కానీ బాధపడుతున్నవారి కోపానికి అవి ఒక చట్టబద్ధమైన చోటు చూపించాయి. అది చిన్న విషయం కాదు.

దీని లోపాలు చెప్పాలంటే, కొద్ది నిమిషాల వంతు దొరికిన సభ్యుడు ప్రశ్న బదులు ఉపన్యాసం చదవడం సర్వసాధారణం. నియామకాలు పార్టీల తగాదాలో ఇరుక్కోవడం అంతకన్నా పెద్ద సమస్య.

## పక్కపక్కన పెడితే

| అంశం | ప్రభుత్వమే రేటు నిర్ణయించడం | గట్టి గోడ | లక్ష్యం వారిది, రేటు బ్యాంకుది | చట్టసభ నీడ |
|---|---|---|---|---|
| ఉదాహరణ | 1997కు ముందు బ్రిటన్ | యూరో దేశాలు | నేటి బ్రిటన్, న్యూజిలాండ్, భారత్ | స్వీడన్, అమెరికా |
| లక్ష్యం ఎక్కడుంది | మంత్రి విధానంలో | అంతర్జాతీయ ఒప్పందంలో | చట్టంలో లేదా మంత్రి ఉత్తర్వులో | చట్టంలో, విస్తృతమైన మాటల్లో |
| రేటు ఎవరిది | మంత్రిది | బ్యాంకుది | బ్యాంకుది | బ్యాంకుది |
| జవాబు ఎవరికి | ఓటరుకు, మంత్రి ద్వారా | పార్లమెంటుకు, మాటవరకే | మంత్రికి, చాలాచోట్ల చట్టసభకు కూడా | చట్టసభకు |
| నియమాలు మార్చడం | సులువు | అతి కష్టం | మామూలు చట్టంతో సాధ్యం | మామూలు చట్టంతో సాధ్యం |
| ఎక్కడ దెబ్బతింటుంది | ఎన్నికల ముందు | పరిధి మీద వివాదం వచ్చినప్పుడు | నివేదిక మూతపెట్టినప్పుడు | నియామకాలు ఆగినప్పుడు |

## ఏ పద్ధతికైనా చేర్చదగ్గ నిబంధన: బహిరంగ ఆదేశం

ప్రభుత్వానికీ బ్యాంకుకూ పూర్తిగా చెడితే ఏం చేయాలి? ఈ ప్రశ్నకు చట్టంలో సమాధానం లేకపోతే ఏమవుతుందో కెనడా 1961లో చూసింది. గవర్నరు జేమ్స్ కోయిన్ బిగించిన ద్రవ్య విధానమూ, ప్రభుత్వ ఆర్థిక విధానాన్ని విమర్శిస్తూ ఆయన చేసిన ప్రసంగాలూ అధికారంలో ఉన్నవారికి మింగుడుపడలేదు. ద్రవ్య విధానం తమ బాధ్యత కాదని అంతకుముందు చెబుతూ వచ్చిన ఆర్థిక మంత్రి డొనాల్డ్ ఫ్లెమింగ్, ఇప్పుడు రాజీనామా చేయమన్నారు. కోయిన్ ఒప్పుకోకపోవడంతో గవర్నరు పదవి ఖాళీ అయినట్టు ప్రకటించే బిల్లు తెచ్చారు. కామన్స్ సభ ఆయన వాదన వినకుండానే దాన్ని ఆమోదించింది. సెనేట్ కమిటీ మాత్రం ఆయన్ని పిలిచి విన్నది, సెనేట్ బిల్లును తిరస్కరించింది, తన ప్రతిష్ఠ నిలిచిందన్న తృప్తితో కోయిన్ వెంటనే రాజీనామా చేశారు.

ఆయన తర్వాత వచ్చిన లూయి రాస్మిన్‌స్కీ ఒక సూత్రం ప్రతిపాదించారు, 1967 చట్టం దానికి రూపమిచ్చింది: విభేదం తెగనప్పుడు మంత్రి గవర్నరుకు ఆదేశం ఇవ్వవచ్చు, కానీ అది లిఖితపూర్వకంగా, నిర్దిష్టంగా, నిర్ణీత కాలానికి ఉండాలి, ప్రచురించి పార్లమెంటు ముందు పెట్టాలి. ఆస్ట్రేలియా చట్టంలోనూ ఇలాంటి ఏర్పాటు ఉంది. రెండు దేశాల్లోనూ ఆ అధికారాన్ని ఇంతవరకు ఒక్కసారీ వాడలేదు. సంతకం చేసి సభ ముందు పెట్టాల్సివస్తే ఎంత గట్టి మంత్రైనా రెండుసార్లు ఆలోచిస్తారు. ఈ నిబంధన ప్రయోజనమే అది.

## మీ స్థితిని బట్టి

పొదుపు మీద, స్థిరమైన పింఛను మీద ఆధారపడి బతికేవారికి మొదటి పద్ధతి అన్నిటికన్నా ప్రమాదకరం, ఎందుకంటే ధరలు పెరిగినప్పుడు ముందుగా కరిగేది వారి డబ్బే. రెండో పద్ధతి వారికి ఆకర్షణీయంగా కనిపిస్తుంది. మూడో పద్ధతిలో లక్ష్యం అంకె చట్టంలోనే ఉంటే దాదాపు అంతే రక్షణ దొరుకుతుంది.

అప్పులున్నవారూ, ఉద్యోగం వెతుక్కుంటున్నవారూ కేంద్ర బ్యాంకు తమ గోడు వినదని భావించడం సహజం. అయితే వారు పోరాడాల్సిన చోటు ఈ నెల రేటు కాదు. చట్టంలోని లక్ష్యంలో ఉపాధికి చోటుందా లేదా అన్నదే వారికి కీలకం, దాన్ని మార్చగలిగేది మూడో, నాలుగో పద్ధతుల్లోని చట్టసభ మాత్రమే. యూరో దేశాల్లో నివసించేవారికి ఆ తలుపు దాదాపు మూసి ఉంది.

న్యాయస్థానాలూ పత్రికలూ బలహీనంగా ఉండి, సభలో ఒకే పార్టీ ఆధిపత్యం నడిచే దేశం గురించి ఆలోచిస్తున్నవారు పద్ధతి పేరు చూసి నిర్ణయించుకోవద్దు. అక్కడ ముందు చూడాల్సింది తొలగింపు నిబంధన: నిర్దిష్టమైన కారణం చూపకుండా గవర్నరును తొలగించగలరా, తొలగిస్తే ఆ కారణం మీద సభలో విచారణ జరగాలా? విచారణ కమిటీకి ప్రతిపక్ష సభ్యుడు అధ్యక్షత వహించే ఏర్పాటు లేకపోతే చట్టసభ జవాబుదారీతనం పేరుతో వచ్చేది ప్రభుత్వ నియంత్రణే.

## పనిని బట్టి దూరం మారాలి

కేంద్ర బ్యాంకు చేసే పనులన్నిటికీ ఒకే కొలత పెట్టడం ఈ చర్చలో పెద్ద పొరపాటు. రేటు నిర్ణయానికి స్వతంత్రత ఎందుకో పైన చూశాం. బ్యాంకుల పర్యవేక్షణ, సంక్షోభంలో ఫలానా సంస్థకు అప్పివ్వడం, లక్షల కోట్ల బాండ్లు కొనడం వేరే జాతి పనులు. వీటిలో ఎవరు గెలుస్తారు, ఎవరు ఓడతారు అన్నది నేరుగా తేలిపోతుంది, నష్టం వస్తే పన్ను కట్టేవారే భరిస్తారు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ బాండ్ల కొనుగోలు గరిష్ఠంగా 895 బిలియన్ పౌండ్లకు చేరింది. ఆ కార్యక్రమం నష్టాలను ఖజానా భర్తీ చేస్తుందని 2009లోనే ఒప్పుకుంది. ముందు లాభాలు వచ్చినన్నాళ్లు ఎవరూ పట్టించుకోలేదు, 2022 నుంచి రేట్లు పెరిగాక ఖజానా నుంచి డబ్బు ఎదురు వెళ్లడం మొదలైంది. ఇంత పెద్ద హామీ మీద సభలో ముందే ఓటు జరిగి ఉండాల్సిందన్న విమర్శను నేను సమర్థిస్తాను. 2008 సంక్షోభంలో ఇచ్చిన అత్యవసర రుణాల అనుభవంతో అమెరికా కాంగ్రెస్ 2010లో దిద్దుబాటు చేసింది: అలాంటి రుణాలకు ఖజానా మంత్రి ముందస్తు ఆమోదం ఉండాలి, ఒక్క సంస్థ కోసం రూపొందించకూడదు, వివరాలు తర్వాత బయటపెట్టాలి.

## నా ఎంపిక

సొంత కరెన్సీ, పనిచేసే చట్టసభ ఉన్న దేశానికి నేను మూడో పద్ధతినే సూచిస్తాను, నాలుగోదాని నుంచి రెండు అంశాలు అరువు తెచ్చుకుని. లక్ష్యాన్ని మంత్రి లేఖతో సరిపెట్టకుండా సభ ఓటుతో ఖరారు చేయాలి. వైఫల్య నివేదిక నేరుగా సభకు, ప్రజలకు వెళ్లాలి. రేటు జోలికి మాత్రం ఏ సభ్యుడూ ముందుగా రాకూడదు. దానికి కెనడా తరహా బహిరంగ ఆదేశం నిబంధనను, బాండ్ల నష్టాలకు హామీ ఇచ్చే ముందు సభ ఆమోదం కావాలన్న షరతును జోడిస్తే సరిపోతుంది. ఉమ్మడి కరెన్సీలో ఉన్న దేశాలకు రెండో పద్ధతి తప్ప దారి లేదు. అక్కడ కూడా పార్లమెంటు విచారణలకు కాస్త కోరలు పెట్టడం సాధ్యమే.

నియామకాలకు చట్టసభ ఆమోదం పెట్టేవారు ఒక వివరం మరవకూడదు. జపాన్‌లో గవర్నరు నియామకాన్ని రెండు సభలూ ఒప్పుకోవాలి. 2008 మార్చిలో ప్రతిపక్షం ఆధిక్యంలో ఉన్న ఎగువ సభ ప్రభుత్వ అభ్యర్థులను వరుసగా తిరస్కరించడంతో, ప్రపంచ ఆర్థిక సంక్షోభం ముదురుతున్న వేళ ఆ కుర్చీ కొన్ని వారాల పాటు ఖాళీగా ఉంది. అప్పటికే ఉభయ సభల ఆమోదం పొంది ఉన్న డిప్యూటీ గవర్నరు మసాకి షిరకావా తాత్కాలికంగా బాధ్యతలు చూసి, ఏప్రిల్‌లో గవర్నరయ్యారు. కాబట్టి ఆమోదం నిబంధన రాసే చోటే, కొత్తవారు ఖరారయ్యేదాకా ఎవరు బాధ్యతల్లో ఉంటారో, సభ ఎన్ని రోజుల్లో తేల్చాలో కూడా రాసి ఉంచాలి.